పిప్పరమెంటు పొర

కోడలు లేచి వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు అప్పటికే స్టవ్ ముందు నిలబడి ఉన్నారు. స్టవ్ వెలగడం లేదు, దాని మీద గిన్నె కూడా లేదు. ఆవిడ వంగి, ఆపి ఉన్న మీటల్నే ఒక్కొక్కటిగా మళ్లీ తిప్పి చూస్తున్నారు. అది అయ్యాక కిటికీ రెక్కలు బార్లా తెరిచారు. చలిగాలి రివ్వున లోపలికొచ్చింది.

"నిన్న నేనే ఆపేశాను కదత్తయ్యా."

"తెలుసమ్మా. ఊరికే చూశాను."

ఈ 'ఊరికే' అనే మాట ఆ ఇంట్లో ఏడాదిగా వాడి వాడి అరిగిపోయింది. ఊరికే స్టవ్ చూడటం. ఊరికే పాలగిన్నె తెచ్చి కోడలి ముందు పెట్టి "ఇవి బాగున్నాయేమో చూడు" అనడం. ఊరికే పావుగంటకోసారి మనవరాలి డైపర్‌లోకి తొంగిచూడటం. ఇంకా నడక రాని ఆ పిల్లను ఇంట్లో అందరూ పిడుగు అంటారు. పిడుగుకు కూడా ఈ తనిఖీ అలవాటైపోయి, నాయనమ్మ కనబడగానే కాళ్లు రెండూ పైకెత్తేస్తుంది.

"అమ్మా, నువ్వు మా డిపోలో ఉండాల్సింది. బ్రేకులు సరిగ్గా లేని బస్సు ఒక్కటీ గేటు దాటేది కాదు," అంటూ కొడుకు బూట్లు తొడుక్కున్నాడు. అతను బస్సులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో ఏ సంగతినైనా నవ్వుతో దాటేయడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

కోడలికి మాత్రం నవ్వు రాలేదు. తను చేసిన ప్రతి పనినీ అత్తగారు మళ్లీ సరిచూస్తుంటే, నీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద చెప్పినట్టే ఉంటుంది ఆమెకు. మిగతా రోజుల్లో అయితే సర్దుకుపోయేదేమో. రేపటి నుంచి మళ్లీ కళ్లజోళ్ల దుకాణంలో పనికి వెళ్లాలి. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని ఆమెది, అదంటే ప్రాణం. పిల్లను వదిలి వెళ్లాలన్న బెంగ ఒకపక్క, ఇన్నాళ్లకు వెళ్తున్నానన్న సంబరం ఇంకోపక్క, రెండూ కలిసి ఆమెను నిలవనీయడం లేదు. పైగా సెలవు మీద వెళ్లి తిరిగొచ్చిన వాళ్లు ఇంట్లో చేసిన తీపి పట్టుకెళ్లడం ఆ దుకాణంలో అలవాటు.

"మీ మూడు పొరల చాక్లెట్ ముక్కలు చేస్తానన్నారు, గుర్తుందా? నేను చేస్తే మీరు చేసినట్టు రాదు."

"గుర్తుంది. నువ్వెళ్లి పిడుగుకి స్నానం చేయించు, ఇక్కడ నేను చూసుకుంటాను."

ఆ మాట అన్నారే గానీ ఆవిడ గుండెలో రాయి పడింది.

అసలు సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అత్తగారికి వాసనలు తెలియడం లేదు. కోడలికి నెలలు నిండి ఉన్నప్పుడు ఆవిడకు జ్వరం వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకు అంటుకుంటుందని వెనక గదిలో తలుపేసుకుని పడుకున్నారు. జ్వరం వెళ్లిపోయింది, వెళ్తూ వెళ్తూ ముక్కును కూడా పట్టుకుపోయింది. గుట్టుగా వెళ్లి చూపించుకుంటే డాక్టరు, తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు. గ్యాస్ లీకైనా తెలియని మనిషి చేతిలో పసిపిల్లను పెట్టి ఏ తల్లి పనికి వెళ్తుంది? తెలిస్తే పిడుగును క్రెష్‌లో వేస్తారు. ఆ భయంతోనే ఆవిడ నోరు కుట్టేసుకున్నారు. చెప్పకుండా ఉన్నందుకు శిక్షగా పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నారు.

ఓవెన్‌తో పనిలేని ఆ తీపి ఆవిడ దర్జీపని చేసే రోజుల్లో నేర్చుకున్నది. ఒక పొర ఫ్రిజ్‌లో గట్టిపడేలోగా ఒక చొక్కాకు కాలరు వేసేయవచ్చు. ఇవాళ కుట్టడానికి కాలర్లు లేవు, ఆగడానికి ఓపికా లేదు. కరిగిన వెన్నలో కోకో, బిస్కెట్ల పొడి, ఎండుకొబ్బరి కలిపి, కాగితం పరిచిన ట్రేలో పోసి గ్లాసు అడుగుతో గట్టిగా అదిమారు. ఫ్రిజ్‌లో పెట్టారు. అంతలోనే తీసి వేలితో నొక్కి చూశారు. మళ్లీ పెట్టారు. మధ్యలో వెళ్లి డైపర్ల బుట్ట మూత వేసుందో లేదో చూసి, తిరిగొచ్చి స్టవ్ మీటల్ని తడిమారు.

మధ్య పొర దగ్గరే చిక్కంతా. వెన్న, మెత్తటి పంచదార పొడి నురగలా గిలక్కొట్టి ఒక చుక్క ఆకుపచ్చ రంగు వేశారు. ఒకప్పుడు ఈ పొరలో వెనిల్లా పడేది. జ్వరం తర్వాత ఆవిడే దాన్ని పిప్పరమెంటు చేశారు. అత్తయ్యకు కొత్త పిచ్చి పట్టిందని ఇంట్లో నవ్వుకున్నారు. నిజమేమిటంటే, అన్నం నోటి దగ్గరికి తెచ్చుకున్నా, సబ్బు మొహానికి రుద్దుకున్నా ఏమీ తెలియని ఆ ముక్కుకు పిప్పరమెంటు ఒక్కటే తగులుతుంది. అది వాసన కాదు, చల్లదనం. ముక్కు లోపల ఎవరో తలుపు తీసినట్టు ఉంటుంది. దాని కోసం ఆవిడ మొహం వాచిపోయి ఉన్నారు.

ఎసెన్స్‌ను చెంచాతో కొలిచిన పాపాన ఆవిడ ఏనాడూ పోలేదు, ముక్కే కొలత. ఇవాళ కూడా గిన్నె మీదికి వంగి పీల్చారు. చల్లగా తగిలింది. ఇంకాస్త వేశారు. ఇంకా బాగా తగిలింది. కాసేపటికి ముక్కు అలవాటు పడిపోయి చల్లదనం మందగించింది. అయ్యో, తక్కువైందేమోనని ఇంకో నాలుగు చుక్కలు వంచారు. చాలా రోజులకు మళ్లీ ఏదో ఒకటి తెలుస్తోందన్న ఆత్రంలో, దుకాణంలో జనం తినాల్సిన తీపి అది అన్న సంగతే మరిచిపోయారు. దాన్ని ట్రేలో పరిచి, పైన కరిగిన చాక్లెట్ పోసి చదును చేశారు.

కొడుకు డిపోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కోడలు పిల్లను చంకనేసుకుని వచ్చి, వేడినీళ్లలో ముంచిన చాకుతో అంచు ముక్క కోసింది. చాక్లెట్ పగలకుండా చక్కగా తెగింది. "భలే వచ్చాయత్తయ్యా," అంటూ నోట్లో వేసుకుంది.

మరుక్షణం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దగ్గు తెర పట్టుకుంది. సింక్‌లోకి ఉమ్మేసి, పంపు తిప్పి నోరు కడుక్కుంది.

"ఏంటిది? గొంతు మంటెక్కిపోతోంది!"

"చెయ్యి జారిందమ్మా," అన్నారు అత్తగారు.

"మీ చెయ్యా? కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించే చెయ్యి జారిందా?"

"పాడు చేశాను. మళ్లీ చేస్తాను, ఎంతసేపు..."

"ఒద్దండీ." కోడలు చాకును సింక్‌లో పడేసింది. "నాకిప్పుడు అర్థమైంది. నేను పనికెళ్లడం మీకు ఇష్టం లేదు. ఆ మాట నోటితో అంటే సరిపోయేదిగా? పదిమందిలో నా పరువు తీయడం దేనికి? ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. నేను ఆపిన స్టవ్ మళ్లీ ఆపుతారు, నేను కాచిన పాలు బాగున్నాయా అంటారు, నేను మార్చిన డైపర్ విప్పి చూస్తారు. నేనంత పనికిమాలినదాన్నా?"

అత్తగారు ట్రే వైపు చూస్తూ ఉండిపోయారు. అనుకోనీ, అనుకున్నారు. అత్తగారన్నాక ఆ మాత్రం చెడ్డపేరు మోయక తప్పదు. చెడ్డదాన్ని అనుకున్నా పిడుగును నా దగ్గర వదులుతుంది, గుడ్డిదాన్ని అనుకుంటే వదలదు. ముక్కు పోయిన మనిషికి గుడ్డి అన్న మాటే తోచింది ఆవిడకు.

కోడలు ఇంకాసేపు ఎదురుచూసింది. కాదు అని ఒక్క మాట అంటారేమోనని. ఆ మాట రాలేదు. కళ్లు తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఎవరికమ్మా?"

"దుకాణానికి. రేపట్నుంచి రానని చెప్పేస్తాను. మనసులో ఇంత పెట్టుకున్న మనిషి దగ్గర పిల్లను వదిలి నేను అక్కడ అద్దాలేం అరగదీయగలను?"

పిడుగు ఆ ఫోన్ కోసం చేతులు చాపి ఊగుతోంది. మనవరాలిని దక్కించుకోవాలని నిజం దాచితే, ఆ దాపరికం పోయిపోయి కోడలి ఉద్యోగం మీద పడింది. అత్తగారు ఇంక ఆగలేకపోయారు.

"ఫోన్ పెట్టేయ్. నాకు వాసన తెలీదు."

"ఏంటీ?"

"ఏ వాసనా తెలీదు. అప్పుడు జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. గ్యాస్ తెలీదు, అన్నం మాడితే తెలీదు, పాలు విరిగితే తెలీదు. పిడుగు పాడు చేసుకుంటే విప్పి చూస్తే తప్ప తెలీదు. ఇదొక్కటే కాస్త చల్లగా తగుల్తుంది, అందుకే పోశాను. నిన్ను నమ్మక కాదమ్మా ఆ తిరగడం. నన్ను నేను నమ్మలేక."

కోడలు ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆమె మొహంలో ముందు జాలి రాలేదు, కోపమే వచ్చింది.

"ఏడాది నుంచా? మీ చేతిలో పిల్లను పెట్టి మధ్యాహ్నాలు నేను ఒళ్లు మరిచి నిద్రపోయాను! అవతల పాలు పొయ్యి మీద ఉండగా! ఏమన్నా అయ్యుంటే?"

"అవును. తప్పే. చెప్తే పిల్లను నా దగ్గర వదలవని భయపడ్డాను." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "ఇప్పుడు నేనే చెప్తున్నా, వదలొద్దు. క్రెష్‌లో చేర్పించు. నువ్వు మాత్రం పని మానకు. సాయంత్రాలు పిల్లను కాసేపు ఎత్తుకోనిస్తే అది చాలు నాకు."

కోడలు పిడుగును ఇంకో చంకలోకి మార్చుకుంది. ఏడాది పొడుగునా తన మీద అనుమానమనుకున్న ఒక్కొక్క చూపూ, ఒక్కొక్క 'ఊరికే'నూ ఆమెకు ఇప్పుడు వేరే మొహంతో కనబడుతున్నాయి. ఈ ముసలి ప్రాణం ఒంటరిగా ఎంత హడలిపోయి ఉంటుందో.

"క్రెష్ మాట ఎత్తకండి," అంది చివరికి, ఇంకా కోపంగానే. "పాలు కాచి ఫ్లాస్కులో పోసి వెళ్తాను. నేను లేనప్పుడు స్టవ్ జోలికి వెళ్లొద్దు, సిలిండర్ నేనే కట్టేసి వెళ్తా. గ్యాస్ లీకైతే కుయ్యోమనే పెట్టెలు ఉంటాయి, మీ అబ్బాయిని తెమ్మందాం. కానీ ఇంకోసారి ఇలాంటిది నా దగ్గర దాస్తే మాత్రం ఊరుకోను."

"దాచను. ఒట్టు."

"వెనిల్లా ఉందా ఇంట్లో? కొత్త ట్రే వేద్దాం. మీరు చెయ్యండి, వాసన నేను చూస్తా."

అత్తగారు తలూపి, ఏడుపూ నవ్వూ కలిసిపోతుంటే బిస్కెట్ల డబ్బా అందుకున్నారు. కోడలు ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది. లెక్క చూసుకుంటున్నట్టు ఆమె పెదవులు కదిలాయి.

"అత్తయ్యా... జ్వరం పిడుగు పుట్టకముందు కదా వచ్చింది."

"అవును."

"అయితే దీని వాసన మీకు..."

అత్తగారు డబ్బా మూత పట్టుకుని అలాగే నిలబడ్డారు. "అందరూ దాని తల మీద ముక్కు పెట్టి అబ్బా అంటారు. నేనూ అంటాను," అన్నారు మెల్లగా. "ఎలా ఉంటుందో ఒక్కసారీ తెలీలేదు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టి కుర్చీలో కూచోబెట్టింది. పిడుగును ఒళ్లో పెట్టింది. కింద మోకాళ్ల మీద కూచుని, పిల్ల మాడు మీద ముక్కు ఆనించి కళ్లు మూసుకుంది.

"మీరు ఇస్త్రీ చేసిన నూలు చొక్కా ఉంటుంది చూడండి, ఇంకా వేడిగా ఉన్నప్పుడు... ఆ వాసన. దాని మీద ఎవరో రెండు చుక్కలు పాలు ఒలకబోసినట్టు. కొంచెం చెమట కూడా. పుల్లగా కాదు, తియ్యగా."

అత్తగారి కళ్ల నుంచి నీళ్లు పిల్ల జుట్టులోకి జారాయి. ఇస్త్రీ చేసిన నూలుబట్ట ఆవిడకు తెలుసు, బతుకంతా దాని మధ్యే గడిచింది. వంగి, ఆ చిన్న తలకు ముక్కు ఆనించారు. ఏమీ తెలియలేదు, కానీ ఈసారి ఎక్కడ వెతకాలో తెలిసింది.

"ఇంకా?" అన్నారు. "ఇంకా ఏముందో చెప్పు."

"ఉండండి, చెవి వెనక వేరేలా ఉంటుంది," అంటూ కోడలు మళ్లీ వంగింది.