వేణుగోపాల్ చేయి

వేణుగోపాల్ చేయి పడితే మనిషి బతకడు... శాలిబండలోని ఆ గల్లీలో ఈ మాట నమ్మనివారు లేరు. సైన్యంలో గాయపడిన జవాన్లకు ప్రథమ చికిత్స చేసే ఉద్యోగం అతడిది. సరిహద్దు పోరులో అతడు పట్టుకున్నవారిలో ఎక్కువమంది పోయారట! సైన్యం వదిలి ఇల్లు చేరాక, గుండె ఆగి పడిపోయిన పాల ఎల్లప్ప ఛాతీ నొక్కాడు, ఎల్లప్పా పోయాడు. అంతే, మేనకోడలి పెళ్లిలో అక్షింతలు వేయబోతే కన్నతల్లి సత్తెమ్మే అతడి చేతిని పక్కకు తప్పించింది. నలుగురి మాట చివరికి అతడికీ ఎక్కింది. కన్నకూతురిని కూడా తాకడం మానేశాడు.

భార్య మహేశ్వరి నమ్మలేదా? నమ్మలేదనే అనుకునేది. కానీ పాపకు జ్వరమొస్తే అతడిని పిలవకుండా తానే నుదురు తడిమి చూసుకునేది...

ఆ సాయంత్రం గొడ్ల కొట్టంలో ఊడి వేలాడుతున్న రేకు కూతురు స్రవ్య తొడను లోతుగా కోసేసింది. సత్తెమ్మ గుప్పెడు పసుపు కుక్కి, నెత్తురు ఆగిందేమోనని మాటిమాటికీ గుడ్డ ఎత్తి చూస్తోంది. ఎత్తినప్పుడల్లా మళ్లీ పొంగుతోంది. వేణుగోపాల్ గడప అవతలే నిలబడి, గుడ్డ తీయొద్దని, బలంగా అదిమి పట్టమని బతిమాలుతున్నాడు.

"నువ్వు జర దూరముండు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత... ఒక్కగానొక్క పిల్ల" అంది సత్తెమ్మ.

అంతవరకూ గుక్కపట్టి ఏడుస్తున్న స్రవ్య ఒక్కసారిగా ఊరుకుంది.

ఆ నిశ్శబ్దానికి మహేశ్వరి పై ప్రాణాలు పైనే పోయాయి. యుద్ధం గురించి భర్త ఒకే ఒక్కసారి నోరు విప్పి చెప్పిన మాట తట్టింది: "అరిచెటోనికి ఇంకా బలమున్నట్టే మహేశ్వరీ. నేను సప్పుడు లేనోని దగ్గరికే మొదలు ఉరికిన."

అంటే... అతడు తాకినందుకు వాళ్లు పోలేదు. పోబోతున్నవారినే అతడు ముందుగా తాకాడు! ఎల్లప్ప ఇంట్లోనైనా, ఏడుపులు మొదలయ్యాకే కదా అతడిని పిలిచింది?

"అత్తమ్మా, జరుగు."

సత్తెమ్మ కదలలేదు. మహేశ్వరి ఆమెను భుజం పట్టి పక్కకు లాగి, భర్త మణికట్టు పట్టుకుని గడప దాటించింది. అతడు గాయం మీదికి చేతులు చాచబోయి ఆగాడు.

"ఏమన్నయితే..."

"అయితే నా మీదికే రానీ. పట్టు."

అతడు రెండు అరచేతులూ గాయంపై మోపి ఒంటి బరువంతా వేశాడు. ఆటోలోనూ, దవాఖాన మెట్ల మీదా చేయి ఎత్తలేదు. డ్రైవరు పక్కన ఇరుక్కున్న సత్తెమ్మ దారి పొడవునా దేవుళ్లనూ కోడలినీ కలిపి తిడుతూనే ఉంది. డాక్టర్లు రక్తం ఎక్కించారు, కుట్లు వేశారు.

తెల్లారి స్రవ్య కళ్లు తెరిచి, నానమ్మను చాయ్ అడిగింది.