ఖాసింబీ మేనల్లుడి వేళ్ళు

ఖాసింబీ పండ్ల సంచీ మూతి ముడిని పళ్ళతో విప్పుతుంటే, డిటెక్టివ్ ఆఫీసులో టైపు మిషను ముందున్న ఎస్తేరుకు నవ్వొచ్చింది. ముసలమ్మ వేళ్ళు కనబడగానే నవ్వు ఆగిపోయింది. పదింటికీ గోళ్ళు లేవు.

“మా ఇంట్లో పుట్టుకతోనే ఇంతేనండీ. మా తమ్ముడికీ, వాడి కొడుకు జిలానీకీ కూడా,” అంది ముసలమ్మ, డిటెక్టివ్ ఆనందరావు ముందు జామపళ్ళు పెట్టి. “ఉప్పెనలో నాగాయలంక దగ్గర తమ్ముడి ఇంటివాళ్ళందరూ పోయారన్నారు. పది నెలలయ్యాక ఒకడొచ్చి నేనే జిలానీనంటున్నాడు. ఆరేళ్ళప్పుడు చూసిన మొహం, ఏం గుర్తుపట్టను? శుక్రవారం వాడి పేర ఇల్లు రాసేస్తున్నా. ఈలోగా మావాడు బతికున్నాడో లేడో తేల్చండి.”

“ఆ వచ్చినవాడికీ గోళ్ళు లేవా?” అడిగాడు ఆనందరావు.

“లేవండీ.”

“ఇంకేముంది సార్, తేలిపోయిందిగా!” అంది ఎస్తేరు.

“నీలాంటివాళ్ళని నమ్ముకునే మోసగాళ్ళు బతుకుతున్నారమ్మా.”

మర్నాడు బందరు ఇనగుదురుపేటలో, ఖాసింబీ ఇంట్లో నలుగురూ కూర్చున్నారు. సాక్షిగా మసీదు పెద్ద హనీఫ్ సాయిబు కూడా వచ్చాడు. ఆనందరావు బందరు లడ్డూల పెట్టె తెచ్చి, జిలానీనంటున్న కుర్రాడి చేతికిచ్చాడు.

“విప్పు బాబూ, తిందాం.”

కుర్రాడు పురికొస ముడిని వేళ్ళ కొసలతో గిల్లాడు. జారింది. మళ్ళీ గిల్లి, చురుక్కుమన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “ఇటివ్వరా,” అని ఖాసింబీ పెట్టె లాక్కుని, పళ్ళతో విప్పింది.

“చూశారా?” అన్నాడు ఆనందరావు. “గోళ్ళు లేకుండా పుట్టినవాళ్ళు ముడిని గిల్లరు. అది వేళ్ళవల్ల కాదని పసితనంలోనే తెలిసిపోతుంది. ఇతనికి మొన్నమొన్నటిదాకా గోళ్ళున్నాయి, పీకేసుకున్నాడు. అవి వస్తూనే ఉంటాయి కనక మళ్ళీ మళ్ళీ పీకాడు. ఆ చిటికెన వేలు చూడండి, పచ్చి పుండు!”

“ఇంటికోసం ఇంత పని చేస్తావురా?” అరిచాడు హనీఫ్.

“ఇల్లొద్దు సాయిబుగారూ. జిలానీ, నేనూ ఒకే పడవలో చేపలు పట్టేవాళ్ళం. నా కళ్ళముందే కొట్టుకుపోయాడు. మావాళ్ళలోనూ ఒక్కరూ మిగల్లేదు. బందర్లో మేనత్త ఉందని వాడు చెబుతుండేవాడు. నాకైతే చెప్పుకోడానికి ఎవరూ లేరు.”

ఎస్తేరు పెట్టెలోకి చూస్తూ కూర్చుంది. లడ్డూ ఎవరూ ముట్టలేదు.

ఖాసింబీ పది నెలలుగా దాచుకున్న ఏడుపు మేనల్లుడికోసం ఏడ్చింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, కుర్రాడి చెయ్యి తీసుకుంది.

“ఇక ఈ గోళ్ళని పెరగనీ. నీ పేరేంట్రా?”

“సలాం.”

ఉప్పెన వచ్చిన రోజు నుంచి ఆ పేరుతో అతన్ని ఎవరూ పిలవలేదు. ఖాసింబీ కూడా వెంటనే పిలవలేకపోయింది; నోటికి ఇంకా జిలానీ అనే వస్తోంది.