నున్నటి పడవ

పొద్దున్నే కాఫీ తాగుదామని అమ్మలు కూర్చుంటే బల్ల మీద గ్లాసు పెట్టడానికి చోటు లేదు. సగం బల్లని ఆ అట్టపెట్టె కబ్జా చేసి నెలలు గడిచిపోయాయి. పెట్టెలో రెజిన్‌తో పోతపోసిన ముక్కలు. అన్నీ అతికిస్తే ఓడల్ని రేవులోకి లాగే టగ్గు పడవ బొమ్మ అవుతుంది. నాన్న ఉద్యోగమంతా రేవులో అలాంటి టగ్గు ఇంజను గదిలోనే గడిచింది. అందుకే తమ్ముడు ఏరికోరి తెప్పించాడు. అలాంటి బొమ్మల కిట్టు కట్టడం వాడికీ అదే మొదటిసారి. పడవ పొట్టకి అడుగు రంగు, అదే ప్రైమర్, కొట్టి ఆరబెట్టాడు. ఆ వారంలోనే జ్వరమొచ్చింది. ఆసుపత్రికి నడిచి వెళ్లినవాడు మళ్లీ ఇంట్లోకి నడిచి రాలేదు.

"ఇవాళైనా ఒక ముక్క అతికిస్తావా నాన్నా?" అంది అమ్మలు, గ్లాసు ఒళ్లో పెట్టుకుని.

"చూస్తున్నా తల్లీ."

"చూస్తూ కూర్చుంటే పడవలు వాటంతటవే కట్టుకోవు."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఆయన తీరే అంత. నన్ను చేసుకుంటానని చెప్పడానికి కూడా ఏడాది చూస్తూ కూర్చున్నారు."

నాన్న నవ్వలేదు. పడవ పొట్టని రెండు చేతుల్లోకి తీసుకుని కిటికీ వైపు తిరిగాడు.

ప్రయత్నం చేయలేదని కాదు. ఒకసారి పొగగొట్టానికి రంగు వేశాడు. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ఆ ముక్కల మీద ఉంటుందనీ, ముందు సబ్బునీళ్లతో కడగాలనీ ఆయనకి తెలియదు. ఇనుముతో బతికిన మనిషి. రంగు ఆరాక పొరలు పొరలుగా ఊడి అరచేతికి వచ్చింది. తర్వాత రెయిలింగు అతికించబోతే చెయ్యి వణికి పుటుక్కున విరిగింది. ఆ రోజు నుంచి మిగతా ముక్కల జోలికి పోలేదు. పొద్దున్నే పడవ పొట్ట ఒక్కటీ తీసి, పట్టుకుని, నిమిరి, మళ్లీ పెట్టెలో పెట్టేస్తాడు.

అమ్మలు బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దాకా వచ్చింది. "నేను పోయేలోగా వాడి పడవ నిండుగా చూస్తానంటావా?" అంది గొంతు తగ్గించి. ఆ మాట రోజంతా ముల్లులా అమ్మలుని పొడుస్తూనే ఉంది.

ఆమె పని కళ్లద్దాల దుకాణంలో. అద్దాలు ఫ్రేములో బిగించడం, జనం వేళ్ల మరకలు మెత్తటి గుడ్డతో తుడిచి చేతికివ్వడం. అక్కడికి వచ్చేవాళ్లలో ఒక పెద్దాయన ఉన్నాడు, బొమ్మ ఓడలు, విమానాలు కట్టి ఇవ్వడమే ఆయన జీవనాధారం. దుకాణంలో అందరూ భూతద్దం బాబాయ్ అంటారు. అత్తకి ఒంట్లో బాగాలేదని అమ్మా నాన్నా చూడ్డానికి వెళ్లిన వారంలో అమ్మలు పెట్టె మొత్తం ఆయన ముందు దింపింది.

"కట్టాలనుకున్నవాళ్లు ఇంట్లో ఉన్నారా, లేరా?" అని అడిగాడాయన.

"ఒకడు లేడు. ఇంకొకాయన చేతులు వణుకుతాయి. మీరే కట్టేయండి బాబాయ్."

వాళ్లు తిరిగొచ్చే రోజుకి పడవ పొట్ట సిద్ధమైంది. "మిగతావి నిదానంగా చేద్దాం, ఇది తీసుకెళ్లి చూపించు," అన్నాడు బాబాయ్. "పక్కన ఒకచోట ఎవరో తడి ప్రైమర్ మీద వేలు పెట్టారు. మొదటిసారి కట్టేవాళ్లకి ఆత్రం ఆగదు. ఉప్పు కాగితంతో రుద్ది తీసేసి మళ్లీ కొట్టాను. ఇప్పుడు నువ్విచ్చిన అద్దాలతో వెతికినా దొరకదు."

"మా కొట్లో నేను చేసేదీ అదే పని," అని నవ్వింది అమ్మలు.

సాయంత్రం నాన్న సంచి దించీ దించకముందే బల్ల దగ్గరికి వచ్చాడు. పడవ పొట్ట చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు అలవాటుగా ఒకచోటికి వెళ్లి ఆగింది. ముందుకి జరిగింది. వెనక్కి వచ్చింది. పడవని తిప్పి రెండో వైపు కూడా తడిమాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"తెలిసినాయనకి ఇచ్చాను. చూడు, ఎంత నున్నగా చేశాడో."

"నిన్నెవరు ఇవ్వమన్నారు?"

"ఎవరో ఒకరు కట్టాలిగా. నీ వల్ల కాదు నాన్నా. కాదని ఒప్పుకోవు, ఇంకొకరిని చెయ్యనివ్వవు. అమ్మ ఎంతకాలం ఎదురుచూడాలి?"

నాన్న గొంతు లేవలేదు. లేచినా బాగుండేది. "ఇక్కడ వాడి వేలుండేదే," అన్నాడు. "రంగు ఆరిందో లేదోనని నొక్కి చూశాడు. కుదురుగా ఉండలేవట్రా అని తిట్టాను. పైన రంగు వేశాక కనపడదులే నాన్నా అన్నాడు. అందుకే దీనికి నేను రంగు వెయ్యలేదు."

అమ్మ వంటింటి గుమ్మంలోనే చతికిలబడింది. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నువ్వూ రోజూ ఏడుస్తావు. ఒక్కణ్నే ఏడిస్తే చాలనుకున్నా."

అమ్మలు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బాబాయ్ ఇంటికి పరిగెత్తింది. ఏం అడగాలో తెలియక, "తీసేసిన పొడి ఏమైనా ఉందా?" అంది. ఆయన ఆమె మొహం చూసి కళ్లద్దాలు తీసేశాడు. "తడిపి రుద్దుతామమ్మా. పొడి కూడా మిగలదు. నీళ్లలో పోయింది." అద్దాలు చేతిలో తిప్పుతూ, "ఒక్క మాట చెప్పుంటే," అన్నాడు. ఆమెకే తెలిస్తే కదా చెప్పడానికి.

మిగతా ముక్కల పెట్టెని గుండెకి హత్తుకుని ఇంటికి నడుస్తుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆసుపత్రి వాళ్లు తిరిగిచ్చిన తమ్ముడి ఫోను తనే శుభ్రంగా తుడిచింది. వాడి కళ్లజోడు కూడా తళతళలాడేలా తుడిచి అలమరలో పెట్టింది. చేతికి పట్టిన అలవాటు. ఇంట్లో వాడు ముట్టుకున్న ప్రతిదాన్నీ, ఎంతో ప్రేమగా, తనే తుడిచేసింది. మిగిలిన ఆ ఒక్కటీ ఇంకొకరి చేత తుడిపించింది.

మర్నాడు పొద్దున నాన్న మామూలుగానే బల్ల దగ్గర కూర్చున్నాడు. పడవ పొట్ట ఒళ్లో ఉంది. వేలు దాని మీద తిరుగుతోంది, పోయిన వస్తువుని వెతుకుతున్నట్టు. అమ్మలు కుర్చీ లాక్కుని పక్కన చేరింది. క్షమించమని అడగడానికి నోరు తెరిచింది కానీ ఆ మాట మరీ చిన్నదనిపించింది.

"నేనెప్పుడూ చూడలేదు నాన్నా," అంది. "ఎక్కడుండేది?"

ఆయన ఆమె బొటనవేలు పట్టుకుని పడవ మీద ఒకచోట ఆనించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది కానీ చోటు మాత్రం తప్పలేదు. "ఇక్కడ. కొంచెం వంకరగా. గోరు ఇటు వైపుకి."

వేలి కింద చల్లగా, నున్నగా ఉంది. ఏమీ లేదు. అమ్మలు వేలు తియ్యలేదు. కన్నీళ్లు పడవ మీద పడుతుంటే తుడవడానికి రెండో చెయ్యి లేచింది, మధ్యలోనే ఆగిపోయింది.

అమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి వాళ్ల వెనక నిలబడింది. "జరుగు," అని తన వేలూ చాపింది. "నాకూ చూపించండి."