బదులుపలుకు

ఏడో ఆకుస్విచ్చి పొద్దుటినుంచీ మొరాయిస్తోంది. నూకరత్నం దాని ముందు చతికిలబడి, తీగ ఊడదీసి, గాజు మొనని చున్నీ అంచుతో తుడిచి మళ్ళీ గుచ్చింది. అలా తుడవకూడదని నిబంధన. అందుకు వేరే గుడ్డలుండాలి, వాటికో డబ్బా ఉండాలి. ఆ డబ్బా ఖాళీ అయి ఎన్నేళ్ళయిందో హాలులో ఎవరికీ గుర్తు లేదు. పచ్చదీపం వెలిగింది. ఆకులన్నిటినీ కలిపే వెన్నుస్విచ్చి దీన్ని గుర్తుపట్టి, తనకి తెలిసిన చిరునామాలన్నీ వల్లించడం మొదలుపెట్టింది.

"హమ్మయ్య, పలికావా" అంది రత్నం. ఈ హాలులో ఆమె ఎక్కువగా మాట్లాడేది స్విచ్చిలతోనే.

తరవాత పని తెరలు కట్టడం. ఎగువనున్న మెరక ఆస్పత్రి తెర ఒకటి, దిగువన సముద్రపొడ్డునున్న పల్లం చేపల గిడ్డంగి తెర ఒకటి, రెండింటినీ ఏడో ఆకుదాకా సాగదీయాలి. కొండ కడుపులో ఉన్న ఈ హాలులో తీగలన్నీ ఒక్కటే. ఆస్పత్రీ, గిడ్డంగీ, కౌన్సిల్ ఖజానా, జైలూ అన్నీ వాటి మీదే నడుస్తాయి, కానీ ఎవరి తెర వారిది. ప్రతి తెరా తనలో ఎవరెవరున్నారో ఒక ఎగుమతి గుర్తు వేసి చాటుకుంటుంది. ఆ గుర్తుని దిగుమతి చేసుకున్న తెరకే ఆ చాటింపు వినిపిస్తుంది. చేసుకోని వాళ్ళకి సంబంధించినంతవరకూ అవతల మనుషులే లేరు. ఉన్నారో లేరో తేల్చే ఆ ఎగుమతి, దిగుమతి గీతలు రెండూ రాయడమే రత్నం ఉద్యోగం. జీతం అంతంత మాత్రం.

గుర్తులు సరిచూసుకుంటూ ఆమె శీతలగొట్టం వైపు చూసింది. స్విచ్చిల వేడి తీసుకుపోవడానికి సముద్రపు నీళ్ళు ఆ గొట్టంలో తిరుగుతాయి. తెల్లవారినప్పటినుంచీ నీళ్ళు బురదగా వస్తున్నాయి. గొట్టం లోపల ఇసుక గరగరమంటోంది. పల్లం కట్ట తెగిందన్న కబురుకి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. పల్లంలో పంపుహౌసు ఉంది. పంపుహౌసులో ఆమె అక్క గవరమ్మ ఉంది. ఆ సంగతి తలపుకి రాకుండా ఉండాలనే రత్నం ఇవాళ ఇంత శ్రద్ధగా పనిచేస్తోంది.

రోజూ ఈ వేళకి హాలులో అయిదుగురుంటారు. మిగతా ముగ్గురూ పల్లం నుంచి రావలసినవాళ్ళు. పల్లం నుంచి మెరకకి ఎక్కే ఘాటురోడ్డు గేటు మూసేశారు కాబట్టి రాలేదు. రత్నం హాలు పక్కగదిలోనే పడుకుంటుంది గనక లోపల ఉండిపోయింది. ఆమె కాక ఉన్నది పట్నాయక్ గారొక్కరే. ఆయన హాలు ఇన్‌చార్జి. మెరక మనిషే అయినా తల పొగరు లేదు. ఆమెకి తీగ చెక్కడం దగ్గరనుంచీ నేర్పింది ఆయనే.

ఆయన నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. చేతిలో కౌన్సిల్ ముద్ర ఉన్న పలక ఉంది.

"తిన్నావా అమ్మా?"

"లేదండీ. ఈ ఏడోది ఇప్పుడే దారికొచ్చింది."

"సరే, అది ఉంచు. ఒక మార్పు వచ్చింది. రెండే గీతలు. నేను ఎక్కిస్తాను, నువ్వు లే."

రత్నం లేవలేదు. ఇన్నేళ్ళలో ఆయన స్వయంగా గీత ఎక్కించడం ఆమె చూడలేదు. ఎక్కించేది చిన్నవాళ్ళు, ఖరారు చేసేది ఆయన. అదీ వాడుక. ఆమె చెయ్యి చాపి పలక తీసుకుంది. ఆయన ఇవ్వకుండా ఉండలేకపోయారు.

మొదటి గీత: మెరక తెర నుంచి పల్లం దిగుమతి గుర్తు తొలగించాలి. రెండో గీత: పల్లం ఆపద పిలుపులకి బదులుపలుకు పెట్టాలి.

బదులుపలుకు కొత్తదేమీ కాదు. ఒక యంత్రం దూరాన ఉన్న ఇంకో యంత్రాన్ని ఎక్కడున్నావని అడిగితే, ఆ ప్రశ్నని అంత దూరం మొయ్యకుండా దగ్గర్లోని స్విచ్చే దాని తరఫున జవాబు చెప్పేస్తుంది. తీగ మీద రద్దీ తగ్గించడానికి పెట్టిన సదుపాయం. యంత్రాల మధ్య ఉన్నన్నాళ్ళూ ఎవరికీ అభ్యంతరం లేదు. తరవాత కౌన్సిల్ వారికి అది తెగ నచ్చేసి, మనుషులకి కూడా పెట్టించారు. నీళ్ళు రావడం లేదని ఫిర్యాదు చేస్తే ఓ మెత్తని గొంతు "మీ మాట విన్నాం" అంటుంది. విన్నది స్విచ్చి.

ఆపద పిలుపుల జోలికి మాత్రం ఇంతవరకూ ఎవరూ పోలేదు. పల్లంలో ఎవరైనా ఆపద మీట నొక్కితే మెరకలో ప్రతి ఇంటి గోడలోనూ వాళ్ళ గొంతు మోగాలి. మెరకలో ఎవరు జవాబిచ్చినా అది పల్లానికి వినిపించాలి. ఎప్పుడో అగ్నిప్రమాదాల కాలంలో చేసిన చట్టం అది, రద్దు చెయ్యడం మరిచిపోయారు. ఇవాళ పొద్దున కట్ట తెగినప్పుడు ఒకసారి మోగింది. అది విని మెరకలో కొందరు చెప్పులైనా వేసుకోకుండా గేటు దగ్గరకి పరిగెత్తి, తియ్యమని అడిగారు. కౌన్సిల్‌కి కంగారు పుట్టింది అప్పుడే. పల్లం వాళ్ళందరినీ సురక్షితంగా తరలించేశామని వెంటనే ప్రకటించారు. ప్రకటన నిలబడాలంటే గోడలు నోరు మూసుకోవాలి కదా.

"ఏటండీ ఇది?" అంది రత్నం.

"చదివావుగా."

"మా అక్క ఉందండీ అక్కడ."

"తెలుసు. అందుకే నీ చేత్తో వద్దన్నాను. లే తల్లీ."

ఆయన నిజంగానే దయతో అన్నారు. ఆ దయలో ఎంత పొరపాటుందో ఆ క్షణాన ఆయనకి తట్టలేదు. ఈ హాలులో ఒక పద్ధతి ఉంది. ఒకప్పుడు ఎవరో, తాను ఏ తీగ మీదనుంచి పని చేస్తున్నాడో ఆ తీగనే పొరపాటున కోసేసుకుని, దిద్దుకునే దారి కూడా లేకుండా మెరకనంతా చీకట్లో ముంచాడు. అప్పటినుంచీ ఏ మార్పుకైనా ఆయుష్షు పది నిమిషాలే. ఆలోగా ఖరారు బిళ్ళ మీద ఒకరు అరచెయ్యి ఆనించాలి. ఆనించకపోతే స్విచ్చిలు కొత్త గీతలు చెరిపేసుకుని వాటంతటవే పాత స్థితికి వెళ్ళిపోతాయి. పైగా, ఎక్కించిన చెయ్యి ఖరారుకి పనికిరాదు. ఆయన ఎక్కిస్తే ఖరారు చెయ్యడానికి హాలులో ఉన్నది ఒక్క రత్నమే.

ఆమె లేచింది. ఆయన కూర్చుని రెండు గీతలూ ఎక్కించారు. వెన్నుస్విచ్చిలు అందుకున్నాయి, ఆకులు అందుకున్నాయి. పలక మీద పల్లం చిరునామాలు మెరక జాబితాలోంచి వరసగా రాలిపోయాయి. చూస్తూండగా ఊరికి ఊరే పోయింది. ఏ స్విచ్చీ తప్పు జరిగిందని గోల పెట్టలేదు.

"పరీక్ష చెయ్యి" అన్నారు పట్నాయక్ గారు, అలవాటుగా. అనగానే ఆయన మొహం మారింది. "వద్దులే. చూడక్కర్లేదు. ఖరారు చేసెయ్."

ఖరారుకి ముందు పరీక్ష ఫోను ఎత్తి వినడం కూడా పద్ధతే. రత్నం అప్పటికే ఎత్తి, పల్లం వైపు గుచ్చింది. దానికి వినడం తప్ప మాట్లాడడం రాదు.

ముందు నీళ్ళ హోరు వినిపించింది. తరవాత మనుషుల గోల, పిల్లల ఏడుపు. వాటన్నిటి మీదుగా ఒక గొంతు. పంపుల రొదలో ఏళ్ళ తరబడి అరిచి అరిచి మొరటుబారిన ఆ గొంతుని రత్నం ఏ హోరులోనైనా పోల్చుకుంటుంది.

"అయ్యా, పంపుహౌసు మేడ మీదున్నాం. జనం శానామందున్నారు. నీళ్ళు కిందగది ముంచీసినాయి. ఇనబడతందా?"

"విన్నాం" అంది మెత్తని గొంతు. "వస్తున్నాం. ఉన్నచోటే ఉండండి. దయచేసి కదలకండి."

"ఎంతసేపట్లో వత్తారు బాబూ? పోటు ఇంకా పెరిగీలాగుంది. రాళ్ళగుట్ట మీద కెక్కీమంటారా? దారి ఇంకా కనపడతంది."

"విన్నాం. వస్తున్నాం. ఉన్నచోటే ఉండండి. దయచేసి కదలకండి."

గవరమ్మ అటు తిరిగి జనానికి చెబుతోంది. "వత్తన్నారంట. ఎవులూ కదలకండి. పిల్లగుంటల్ని మద్దిలో కూకోబెట్టండి. ఓలమ్మీ, నీకు సెప్పలేదేటి? కూకో."

జనం ఆమె మాట విన్నారు. గోల తగ్గింది. అక్క ఎప్పుడూ ఎవరి మాటా నమ్మేది కాదు, అణా సరుకుకైనా అరగంట బేరమాడే మనిషి. ఇవాళ ఒక స్విచ్చి మాట నమ్మి జనాన్ని కూర్చోబెడుతోంది.

"చెయ్యి పెట్టు రత్నం."

"ఆళ్ళు గుట్టెక్కుతామంటే వద్దంటంది కదండీ ఇది."

"గుట్ట మీదనుంచి గేటు దగ్గరకే కదా వస్తారు. అక్కడ తుపాకులున్నాయి." పట్నాయక్ గారు కళ్ళు తుడుచుకున్నారు. "నేనంత ఆలోచించలేదనుకున్నావా? గేటు తీస్తే మెరకలో తాగడానికి నీళ్ళు చాలవు. మనం మనం కొట్టుకు చస్తాం. తియ్యకపోతే పైకొచ్చినవాళ్ళని కాలుస్తారు. కిందే ఉంటే నీళ్ళు. ఎలా చూసినా బతికేది లేదమ్మా. కనీసం ఎవరో వస్తున్నారన్న ధైర్యంతో పోతారు."

"ఆ ధైర్యం ఆళ్ళకాండీ, మనకా?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదని రత్నానికి తెలుసు. లెక్క ఎటు తిప్పినా అదే వస్తుంది. రాళ్ళగుట్ట మీద నీడ లేదు, నీళ్ళు లేవు, పైన గేటు ఉంది. ఈ పోటుకి మునగకుండా ఉంటుంది, అంతే. రేపటి పోటు సంగతి ఎవరూ చెప్పలేరు. అక్కని కాపాడడం ఆమె వల్ల కాదు. ఇంత పెద్ద హాలులో, ఇన్ని తీగల మధ్య నిలబడి, ఒక్క మాట కూడా అక్కకి చేరవెయ్యలేదు. ఆమె చేతిలో ఉన్నదల్లా చెయ్యి ఆనించడమో మానడమో.

"టైమైపోతోంది" అన్నారు ఆయన.

రత్నం రెండు చేతులూ పిడికిళ్ళు బిగించి చంకల్లో పెట్టుకుంది.

"రత్నం! నిన్ను గేటు అవతలికి తోసేస్తారు. తెలుసా?"

"తోసీమనండి."

ఆయన ఆమె మణికట్టు పట్టుకుని లాగారు. వయసు మళ్ళిన మనిషి, బలం లేదు. ఆమె విదిలించుకోనూ లేదు, పిడికిలి విప్పనూ లేదు. బిళ్ళ దాకా లాక్కెళ్ళి, వేళ్ళు ఒక్కొక్కటే విడదీయబోయి, ఆమె ఏడుస్తోందని చూసి వదిలేశారు. తన చెయ్యే బిళ్ళ మీద పెట్టి చూశారు. ఎక్కించిన చెయ్యి అని బిళ్ళ ఎర్రగా వెలిగింది. అప్పుడాయన గోడఫోను తీసి కౌన్సిల్‌కి చేశారు.

"హాలు నుంచి మాట్లాడుతున్నాను. ఖరారుకి మనిషి కావాలి... లేదండీ, ఉన్నావిడ చెయ్యనంటోంది... ఎవరినైనా పంపండి, త్వరగా." ఫోను పెట్టి, ఆమె వైపు చూడకుండా, "కొండెక్కి రావాలి కదా, కాస్త సమయం పడుతుంది" అన్నారు. ఎవరికి చెప్పినట్టో తెలియదు.

పలక మీద పది నిమిషాల లెక్క అయిపోయింది. వెన్నుస్విచ్చిలు కొత్త గీతలు చెరిపేశాయి. పల్లం చిరునామాలు ఒక్కొక్కటే మెరక జాబితాలోకి తిరిగొచ్చాయి. రత్నం పరీక్ష ఫోను చెవికి నొక్కి పట్టుకుంది.

"అయ్యా" అంటోంది గవరమ్మ, "నీళ్ళు మెట్లెక్కీసినాయి. బయల్దేరినారా?"

ఈసారి మెత్తని గొంతు పలకలేదు. ఆ పిలుపు మెరకలో ఇంటింటి గోడలోనూ మోగింది. ఎక్కడో గిన్నె కిందపడిన చప్పుడు. ఎవరో మగమనిషి "కట్టెయ్, కట్టెయ్" అన్నాడు. కట్టడానికి మీట లేదు. తరవాత ఒక ఆడమనిషి గొంతు, భయం భయంగా.

"ఎవరు? ఎవరది మాట్లాడేది?"

"పంపుహౌసు కాడినుంచమ్మా. గవరమ్మని. ఇందాకలగ సెప్పినాను కదా, మేడ మీదున్నాం."

"మిమ్మల్ని పొద్దున్నే తీసుకొచ్చేశారన్నారే!"

"ఎవులు తెచ్చినారు తల్లీ? ఈడనే ఉన్నాం. మీరే కదా వత్తన్నాం, కదలకండి అన్నారు?"

"మేం అనలేదమ్మా." పక్కన మగమనిషి ఏదో గద్దిస్తున్నాడు. "ఊరుకోండి మీరు! చెప్పనివ్వండి... అమ్మా, ఎవరూ రావడం లేదు. ఎవరూ బయల్దేరలేదు. గేటు వేసేసి ఉంది."

హాలులో పట్నాయక్ గారు గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. రత్నం ఫోనుని ఇంకా గట్టిగా చెవికి అదుముకుంది. అక్క అరుస్తుందనుకుంది. శాపనార్థాలు పెడుతుందనుకుంది. పెడితే బావుండుననుకుంది.

"నిజం సెప్పినావు. సల్లగుండు తల్లీ" అంది గవరమ్మ.

తరవాత అటు తిరిగి అరిచింది. "లెగండి. గుంటల్ని ఎత్తుకోండి, గుట్టెక్కీద్దాం. ఎవులూ రారంట, లెగండి."