పేరు అడగని పిల్ల

"కార్తికేయ రాడు! వాని పాస్‌పోర్టు నేనియ్య!"

రుక్మిణి అంత గట్టిగా మాట్లాడడం ఇరవై ఆరేళ్ళ కాపురంలో నాగేశ్వర్ ఎన్నడూ వినలేదు. పటాన్‌చెరులో వాళ్ళది మోటార్లు, పైపుల దుకాణం. సరుకు బాగా అమ్మిన డీలర్లను కంపెనీవాళ్ళు థాయ్‌లాండ్‌లోని పట్టాయా తిప్పి తీసుకొస్తుంటారు. ఈసారి అతనికి రెండు టికెట్లు వచ్చాయి. కొత్తగా దుకాణంలో కూర్చుంటున్న కొడుకును తీసుకుపోతానని మధ్యాహ్నం భోజనాల దగ్గర అన్నాడు. అంతే... వడ్డిస్తున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఏందమ్మా! డీలర్ల కొడుకులందరు పోతున్నరు" అన్నాడు కార్తికేయ.

"ఎందుకొద్దంటున్ననో మీ నాన్ననే అడుగు."

ఆ సంగతి ఆమెకు తెలుసని నాగేశ్వర్‌కు అప్పుడే అర్థమైంది.

మూడేళ్ళ కిందట అతడు అక్కణ్ణించి వచ్చిన వారానికి, కూతురు అనూహ్య పుట్టినరోజు ఫొటోలు చూద్దామని రుక్మిణి అతని ఫోన్ తెరిచింది. అందులో ఒక థాయ్ అమ్మాయి అతని భుజానికి ఆనుకుని నవ్వుతోంది. గౌనుకు నంబరు బిళ్ళ గుచ్చి ఉంది... ముప్పై నాలుగు! పిల్లల ముందు తండ్రిని పలచన చెయ్యలేక రుక్మిణి ఆ దుఃఖాన్ని లోపలే దాచుకుంది. మొదట్లో కోపమంతా ఆ పిల్ల మీదే. కానీ రోజులు గడిచేకొద్దీ ఆ నవ్వు ఆమెను వదల్లేదు. ఇష్టంలేని చుట్టాలొస్తే, అమ్మ మాట కాదనలేక అనూహ్య నవ్వే నవ్వే అది! వయసూ అనూహ్య వయసే...

"అది... అందరు పోతుంటే నేను గూడ..." నసిగాడు నాగేశ్వర్.

"నన్ను సముదాయించకున్రి. నాకైంది నేను మింగిన. ఆ పిల్ల సంగతి చెప్పున్రి. ఎవ్వరి బిడ్డ?"

"కొడుకు ముందటనా రుక్మిణీ?"

"వాడే వినాలె."

నాగేశ్వర్ కంచం పక్కకు జరిపాడు. "ఫోన్ల ఒకరి భాష ఇంకొకరికి మార్చుకుంట మాట్లాడినం. వాళ్ళది పల్లెటూరు, వరి ఏస్తరట. హోటల్ల పనని తోల్కొచ్చి, నంబరేసి బార్ల నిలవెట్టిన్రు. ఏడాది బిడ్డను తల్లి దగ్గర ఇడిసి వచ్చింది. వీడియోల పిలిస్తే ఆ బిడ్డ గుర్తుపట్టక అమ్మమ్మ ఎనక దాక్కుంటదట... గది చెప్పుకుంట ఏడ్సింది. ఎవడో తాగి కొడితే ఒక చెవు వినరాదు. నేను కొట్టలేదని... 'నువ్వు మంచోనివి' అన్నది."

"గదంత విని గూడ మీరు లేచి రాలె!"

"రాలే..." అతని తల వాలిపోయింది.

"పేరేంది ఆ పిల్లకు?"



"అడగలే."

కార్తికేయ కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచాడు. "నేను రాను నాన్నా" అని తండ్రి ముఖం చూడకుండానే బయటికి వెళ్ళిపోయాడు. నాగేశ్వర్‌కు ఆ మాటకన్నా కొడుకు చూపు తిప్పుకోవడమే గుండెల్లో గుచ్చుకుంది.

అతడు అక్కడే కూర్చుని తోటి డీలర్ సూర్యారావుకు ఫోన్ చేశాడు. రెండు టికెట్లూ వాపసు చెయ్యమన్నాడు.

"ఏంది, ఇంట్ల భయమా?" సూర్యారావు నవ్వు రుక్మిణికీ వినిపించింది.

"భయం కాదన్నా. మనం ఆడ చేస్తున్నది పాపం. ఆ పిల్లలు మన బిడ్డలంత ఉంటరు. నేను గూడ చేసిన."

అవతల ఫోన్ పెట్టేశారు.

"నన్ను మాఫ్ చేస్తవా రుక్మిణీ?"

"నా సంగతి మెల్లగ చూసుకుందాం... ఆ పిల్లను మాఫీ ఎవరడుగుతరండీ? ఏడుందో, ఎట్లుందో! ఏమని పిలిచి అడుగుతం?"

ఆమె గోడకానుకుని కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు తన కోసం కాదని నాగేశ్వర్‌కు అర్థమైంది. దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక, ఆమెకు కాస్త దూరంగా తనూ నేలమీదే కూర్చున్నాడు.