ఊపిరద్దం

ధవళపురంలో ఎవరైనా గడప దాటాలంటే ముందు తలుపు మీదికి ఊపిరి వదలాలి. తలుపులో బిగించిన అరచేతి వెడల్పు పలక ఆ ఊపిరిని చూసి రంగు మారుతుంది. మనసు కుదురుగా ఉంటే ఆకుపచ్చ, భయానికి పసుపు, కోపానికి ఎరుపు, దుఃఖానికి నీలం. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర, ఎండ ఎరగని పెద్ద గోతి అంచున కట్టిన ఊరది. జనం గోతి అడుగున గడ్డకట్టిన నీటిని తవ్వుకుని తాగుతారు, అదే నీటిని విడగొట్టి గాలిగా పీల్చుకుంటారు. సొరంగంలో ఒక్కడు బెంబేలెత్తినా పక్కవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ఆకుపచ్చ వెలిగినవాళ్లకే సొరంగం తలుపు తెరుచుకుంటుంది. ఆ పలకని ఊళ్లో అందరూ ఊపిరద్దం అంటారు.

దాన్ని కనిపెట్టింది నాగమంజరి. ఆమె చదువు, కొలువు, లోకం అన్నీ ఒక్క పదార్థమే: టెల్లూరియం డయాక్సైడ్. ఒక టెల్లూరియం పరమాణువుకి రెండు ఆక్సిజన్ పరమాణువులు. చూడ్డానికి తెల్లటి పొడి. నీళ్లలో దాదాపు కరగదు, ఆమ్లంలోనూ క్షారంలోనూ కరుగుతుంది. దాన్ని ప్లాటినం మూసలో కరిగించి, చిన్న విత్తనపు స్ఫటికాన్ని ముంచి మెల్లమెల్లగా పైకి లాగితే గాజులాంటి కడ్డీ పెరుగుతుంది. ఆ స్ఫటికంలో ధ్వని చాలా నెమ్మదిగా నడుస్తుంది. నడుస్తూ లోపల సన్నటి అలల మెట్లు కడుతుంది. వెలుతురు ఆ మెట్ల మీద పడితే అందులోంచి ఒక్క రంగు మాత్రమే పక్కకి వంగి బయటికొస్తుంది. ధ్వని శ్రుతి మారిస్తే వంగే రంగూ మారుతుంది. కంటికి కనపడని పరారుణ కాంతిని ఇలా రంగు తర్వాత రంగుగా జల్లెడ పడితే, ఊపిరిలో ఏ అణువులున్నాయో తెలిసిపోతుంది. భయపడ్డ మనిషి ఊపిరి వేరు, ఏడుపు దిగమింగుకున్న మనిషి ఊపిరి వేరు. నాగమంజరి చేసిందల్లా ఆ తేడాలు పట్టుకుని అద్దానికి నేర్పడమే. భయం, కోపం, దుఃఖం జాడల్లో ఏదీ కనపడకపోతే ఆకుపచ్చ చూపించమని కూడా తనే రాసిపెట్టింది.

ఆమె భర్త పరంజ్యోతి సొరంగంలో మంచు తవ్వేవాడు. ఒకనాడు పైకప్పు నుంచి చిన్న పెచ్చు ఊడిపడింది. మిగతావాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. అతనొక్కడే పరిగెత్తాడు. వీపున ఉన్న గాలిగొట్టం యంత్రం కొక్కేనికి తగులుకుని తెగిపోయింది. ఆ పొద్దున అతనికి ఆకుపచ్చే వచ్చింది.

అతను పోయిన కబురు విన్నప్పుడు నాగమంజరి మూస కింద మంట తగ్గించి, చేతి తొడుగులు విప్పి, వాటిని మడిచి పెట్టింది. తర్వాత వెళ్లి అతన్ని చూసింది. ఇంటికొచ్చి అన్నం తింది. ఎవరో ఏదో అంటే తలూపింది. అతని కప్పు కడిగి బోర్లించింది. ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండాలని ఆమెకి తెలుసు, తిమ్మిరెక్కిన కాలు మనదేనని తెలిసినట్టు. మర్నాడు ప్రయోగశాలకి బయల్దేరి తలుపు మీదికి ఊపిరి వదిలింది. ఆకుపచ్చ వెలిగింది. ఆ తర్వాత రోజూ అదే వెలిగింది.

పరంజ్యోతి చెల్లెలు కుందన కూడా సొరంగంలోనే పనిచేస్తుంది. ఆ వారం ఆమె వదిన గడపలో నిలబడి, వదిన ఊపిరికి వెలిగిన రంగు చూసింది. లోపలికొచ్చి తలుపు వేసింది.

"మా అన్నయ్య పోతే నీకు ఆకుపచ్చ వస్తోందా వదినా?"

"వస్తోంది."

"అయితే నువ్వూ తింటున్నావన్నమాట."

"ఏం తింటున్నాను?"

కుందన వదిన మొహంలోకి చూసి, తను నోరు జారిందని అప్పటికి గ్రహించింది.

"ఏం తింటారు కుందనా?" నాగమంజరి గొంతు పెరగలేదు.

"నీ పొడే," అంది కుందన, కుర్చీలో కూలబడుతూ. "నువ్వు స్ఫటికాలు కోసే గదిని తొడుగుల్లేకుండా ఊడ్చేవాళ్లకి ఎప్పుడు చూసినా ఆకుపచ్చే వస్తోందని సొరంగంలో ఎవరో కనిపెట్టారు. అన్నయ్య నీ గదికి వస్తూపోతూ ఉండేవాడుగా. వాడే చిటికెడు చిటికెడు తెచ్చి పెట్టేవాడు, అందరికీ. గోరంత నాలిక మీద వేసుకుంటే చాలు, నెల్లాళ్లు పనిచేస్తుంది."

"అయితే మీ అందరి దగ్గరా వచ్చే వెల్లుల్లి వాసన..."

"నీకు తెలియదా? నువ్వే కదా దాన్ని పుట్టించింది!"

నాగమంజరికి తెలుసు. ఏ పాఠ్యపుస్తకంలోనైనా ఉండే సంగతే. టెల్లూరియం ఒంట్లోకి వెళ్తే శరీరం దాన్ని బయటికి నెట్టడానికి మిథైల్ అనే చిన్న కార్బన్ ముక్కలు తగిలించి ఆవిరిగా మారుస్తుంది. డైమిథైల్ టెల్లురైడ్ అనే ఆ ఆవిరి ఊపిరిలో వెల్లుల్లిలా కంపు కొడుతుంది. ఎన్నో నెలలు పరంజ్యోతి పక్కన పడుకుని ఆ వాసన పీల్చింది. తోట గదిలో వెల్లుల్లి బాగా పండిందనీ, వంటశాలవాళ్లు అందులోనే ముంచి తేలుస్తున్నారనీ అనుకుంది.

ప్రయోగశాలకి వెళ్లి ఊపిరద్దాలన్నిటికీ మూలమైన యంత్రాన్ని అడిగింది.

"డైమిథైల్ టెల్లురైడ్ జాడ ఎందరి ఊపిరిలో ఉంది?"

"ఊళ్లో నూటికి ఎనభై మందిలో ఉంది," అంది యంత్రం. "కాంతిలో దాని జాడ చాలా వెడల్పు. మిగతా జాడలు దాని కింద పడిపోతున్నాయి. అడగలేదు కాబట్టి చెప్పలేదు."

పిండి ఒలికిన చోట ముగ్గు కనపడదు. అంతే జరిగింది. ముగ్గు లేదనుకుని అద్దం ఆకుపచ్చ చూపించింది.

"శ్రుతి పెంచి, ఆ ఆవిరి తగలని చోట చూడగలవా?"

"చూడగలను. ఒక్క దిద్దుబాటు చాలు."

"పరంజ్యోతి సొరంగం తలుపు మీద వదిలిన చివరి ఊపిరి చూడు."

"పసుపు," అంది యంత్రం. "ఇంత ముదురు పసుపు ఇంకెవరికీ లేదు. వెనక్కి వెళ్తే ప్రతి పొద్దునా ఇంతే. చూపించనా?"

"వద్దు," అంది నాగమంజరి.

రోజూ సొరంగం తలుపు దగ్గర అతని పక్కనే నిలబడి, అతని గాలిగొట్టం సర్దేది. ఆకుపచ్చ చూసి "మా ఆయనకి గుండె దిటవు" అని గర్వంగా అనేది. అతను నవ్వేవాడు. ఒక్కసారైనా భయంగా ఉందా అని అడిగిన గుర్తు లేదు. అద్దం ఉండగా అడగడమెందుకు? ఇదంతా ఆమె కూర్చుని వరసగా ఆలోచించింది. ఏడుపు మాత్రం రాలేదు.

ఊరి పెద్ద కోదండపాణి సభ పిలిచాడు. భోజనశాలలో జనమంతా కూర్చున్నారు. నాగమంజరి దాచకుండా అంతా చెప్పింది. దిద్దుబాటు సిద్ధంగా ఉందనీ, ఒప్పుకుంటే రేపటి నుంచి పొడి పనిచేయదనీ చెప్పింది.

వెల్లుల్లి వాసన గదంతా పరుచుకుని ఉంది.

"నాగమంజరి గారూ," అన్నాడు కోదండపాణి, "దిద్దితే రేపు ఎంతమందికి ఆకుపచ్చ వస్తుంది?"

"తవ్వేవాళ్లలో నలుగురికో ఐదుగురికో."

"మరి నీళ్లెవరు తవ్వుతారు?"

"పోనీ అద్దాలు తీసేద్దాం," అంది నాగమంజరి. "ఎవరికి వాళ్లు చెప్పుకుంటారు. భయమున్నవాళ్లని అడిగి, తోడు ఇచ్చి పంపుదాం."

అప్పుడు వెనక వరసలోంచి కుందన లేచింది. "అద్దం తీసేస్తే మమ్మల్ని అడుగుతారు వదినా. అడిగితే చెప్పాలి. అద్దం ఉంటే ఎవరూ అడగరు. అన్నయ్యకీ అదే సుఖంగా ఉండేది."

"అలా ఉండబట్టే కదా పోయాడు."

"తెలుసు. అయినా సరే."

చేతులెత్తమన్నారు. అద్దాలు ఉండాలని ఎత్తారు. దిద్దుబాటు వద్దని ఎత్తారు. స్ఫటికాలు కోయగా వచ్చిన పొడిని పారెయ్యకుండా వంటశాలలో ఒక మూల పెట్టాలని ఎవరో మెల్లిగా అంటే, దానికీ ఎత్తారు. కోదండపాణి చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఏ సంగతీ తెలియనట్టే ఎవరి పనికి వాళ్లు వెళ్లారు.

నాగమంజరి మళ్లీ మూస ముందు కూర్చుంది. కడ్డీలు లాగింది, కోసింది, పలకలు చేసింది. పొడి వేసుకోకుండానే రోజూ ఆకుపచ్చ వచ్చేది ఆమెకే. కొన్నాళ్లకి జనం అది కూడా మర్చిపోయారు.

తర్వాత ఒక పొద్దున, సొరంగం యంత్రాలకి కొత్త పలకలు బిగించాల్సి ఉండి, ఆమె తవ్వేవాళ్ల వరసలో నిలబడింది. ముందున్న మనిషి వీపుకి గాలిగొట్టం వదులుగా వేలాడుతోంది. అలవాటుగా చెయ్యి చాపి దాన్ని కొక్కెంలో సర్దింది. "థాంక్సండీ" అని అతను వెనక్కి తిరిగి నవ్వాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రవాడు. అంతే. ఆమె వేళ్లు ఆ గొట్టాన్ని వదల్లేదు. పరంజ్యోతి పేరు ఆమె నోటి నుంచి బయటికొచ్చింది, పిలిచినట్టుగా కాదు, దెబ్బ తగిలినప్పుడు అరిచినట్టుగా. ఆ ఊపిరి కుర్రవాడి భుజం మీదుగా తలుపుకి తగిలి పలకంతా నీలమైపోయింది.

తలుపు తెరుచుకోలేదు. వరస ఆగిపోయింది. ఇన్ని నెలల్లో ఆ తలుపు మీద ఎవరూ నీలం చూడలేదు. జనం ఆ రంగుకేసి చూడలేక నేల చూపులు చూశారు. కుర్రవాడు మెల్లిగా గొట్టం విడిపించుకున్నాడు. ఎవరూ ఏమైందని అడగలేదు.

కుందన వెనక నుంచి వచ్చి ఆమె భుజం పట్టుకుని గోడ పక్కకి తీసుకెళ్లింది. నాగమంజరి వెక్కివెక్కి ఏడుస్తోంది. కుందన కళ్లల్లోనూ నీళ్లు నిండాయి కానీ, వరసలో మిగిలినవాళ్లు కదలడం మొదలుపెట్టగానే తుడుచుకుంది. జేబులోంచి చిన్న పొట్లం తీసి వదిన చేతిలో పెట్టింది.

"వేసుకో వదినా. వేసుకుని ఇవాళ ఇంట్లో పడుకో. రేపటికి ఎక్కుతుంది. నిన్నెవరూ ఏమీ అడగరు."

"నువ్వడుగు కుందనా," అంది నాగమంజరి. "నువ్వైనా అడుగు."

కుందన నోరు తెరిచింది. ఏమని అడగాలో ఆమెకి తోచలేదు. లోపల సొరంగం గంట మోగింది. ఆమె వదిన చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి, టోపీ బిగించుకుంటూ వెళ్లిపోయింది.

నాగమంజరి పొట్లం విప్పింది. ఇన్నేళ్లలో తొడుగు లేకుండా ఎన్నడూ ముట్టుకోని ఆ తెల్లటి పొడిని వేలికొసతో అద్దుకుని నాలిక మీద పెట్టుకుంది. దానికి రుచంటూ ఏమీ లేదు.