నల్లగది ఇంటి ప్రొజెక్టర్

మన్సూరాబాద్‌లో పార్కు దాటి లోపలికి పోతే, మూడో గల్లీ చివర ఒక రెండంతస్తుల ఇల్లుంది. కాలనీలో దాన్ని నంబరుతో ఎవరూ పిలవరు. నల్లగది ఇల్లు అంటారు. పాలవాడు ఆ గేటు ముందు బండి ఆపడు. కిరాయికివ్వబడును అని బోర్డు కట్టి రెండేళ్ళయింది. బోర్డు మీది ఫోన్ నంబరు ఎండకు వెలిసిపోయింది గానీ, అడగడానికి ఒక్కరూ రాలేదు.

రాత్రి పొద్దుపోయాక మేడ మీది కిటికీలో వెలుగు ఆడుతుందట. బల్బు వెలుగు కాదు… ట్యూబ్‌లైటూ కాదు. సినిమా హాల్లో తెర మీది బొమ్మ మారినప్పుడల్లా జనం మొహాల మీద పడే వెలుగు ఉంటుందే — అది. చూశామని చెప్పేవాళ్ళు నలుగురున్నారు. మెట్లెక్కి చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు. మన జనం సంగతి తెలిసిందే కదా, భయపడటానికి ముందుంటారు, కనుక్కోవడానికి వెనకుంటారు.

ఆ మెట్లెక్కినవాడు పేతురు ఒక్కడే. అతనైనా దెయ్యాన్ని చూద్దామని పోలేదు. ప్రొజెక్టర్ కొందామని పోయాడు. అతనితో పన్నెండేళ్ళు కలిసి గోడలకు రంగులేసిన మట్టయ్య చెప్పిన సంగతి ఇది. మట్టయ్య తాగుతాడు, నిజమే. కానీ తాగి చెప్పినా తాగకుండా చెప్పినా ఇందులో ఒక్క ముక్క మారదు.

పేతురుది అల్మాస్‌గూడలో రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య రెబెక్క. ఒక్కతే బిడ్డ, జోస్నా. రెండేళ్ళ కింద డెంగీ వచ్చి, తొమ్మిది రోజులు దవాఖానలో ఉండి, పందొమ్మిదేళ్ళకే పోయింది. బిడ్డ పోయాక రెబెక్క తిండీ మందులూ పట్టించుకోలేదు. షుగర్ పోయి పోయి కళ్ళ మీద పడింది. ముందు మనుషుల మొహాలు మసకబారాయి, తర్వాత గుమ్మం ఎక్కడుందో తడుముకోవడం మొదలైంది. మిగిలింది కొంచెమే, అదైనా ఎన్నాళ్ళో చెప్పలేనన్నాడు కంటి డాక్టరు. బాగా పెద్దగా, బాగా వెలుతురుగా ఉన్నదైతే ఆనుతుందేమో అన్నాడు.

జోస్నా ఫోటోలు చాలానే ఉన్నాయి. పిల్ల కదిలే, నోరు తెరిచి పాడే వీడియో మాత్రం ఒక్కటే ఉంది. క్రిస్మస్‌కు చర్చిలో పాడుతుంటే పేతురే ఫోన్లో తీశాడు. రెండు నిమిషాల పది సెకన్లు. అందులో మొదటి రెండు సెకన్లు పేతురు బొటనవేలు. రెబెక్క ఆ ఫోన్‌ను కంటికి ఆనించుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి చెవికి పెట్టుకుని వినేది. అది చూడలేక పేతురు బయటికి పోయి నిలబడేవాడు.

అట్లాంటిది, ఒక ఆదివారం పాస్టరుగారు ప్రార్థన చేశాక రెబెక్క అందరి మధ్యలోంచి లేచి నిలబడింది. సాక్ష్యం చెప్పింది. నా కళ్ళకు కొంచెం కొంచెం వెలుగొస్తుంది, ప్రభువుకు స్తోత్రం, అంది. చర్చి అంతా స్తోత్రం అంది. వెనక వరసలో పేతురు కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

సోమవారం కూలి పనికి అడ్డాకు పోలేదు. దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. ఆ కొంచెం వెలుగు పోకముందే బిడ్డ మొహాన్ని గోడంత చేసి రెబెక్కకు చూపించాలి. ఇక అతనికి ఈ లోకంలో వేరే పని లేదు.

అయితే ప్రొజెక్టర్ కొనడం కూరగాయలు కొనడం కాదు. చేతిలో ఉన్నది ఎనిమిది వేలు. ఆ డబ్బుకు వచ్చేవన్నీ అరచేతిలో పట్టే తెల్ల డబ్బాలు, డబ్బా మీద మాత్రం సినిమా హాలు బొమ్మ. షాపతను వెనక గదిలోకి తీసుకుపోయి, పరదా లాగి, గోడ మీద సముద్రం చూపించాడు. అద్భుతంగా ఉంది. పేతురు రంగుల మనిషి. డబ్బా మూత మీది రంగు వేరు, గోడ మీద ఎండిన రంగు వేరు అని తెలిసినవాడు. పోయి పరదా కొంచెం జరిపాడు. సముద్రం మాయమైంది.

షాపతను మంచివాడే. గొంతు తగ్గించి చెప్పాడు.

"చీకట్లయితే అన్నీ మంచిగనే కనిపిస్తయన్నా. కళ్ళు సరిగ లేనోళ్ళకైతే మాత్రం ఇవి పనికిరావు. బల్బు తోటి నడిచే పెద్దది కావాలె. అది నీ బడ్జెట్‌ల రాదు… సెకండ్ హ్యాండ్ దొరికితే సూసుకో."

పేతురు వచ్చి ఆ మాట చెప్తే మట్టయ్యకే గుర్తొచ్చింది.

"నల్లగదికి రంగేసింది మనమే గదనే. గా సారు ప్రొజెక్టర్ ఏమైందో అడుగు."

నిజమే. నాలుగేళ్ళ కింద త్రినాథరావు అనే రిటైరైన పెద్దాయన మేడ మీది గదికి మూడు గోడలూ సీలింగూ నల్లగా, ఒక్క గోడ తెల్లగా వేయించుకున్నాడు. ఎవరైనా ఇంటికి నలుపు వేయించుకుంటారా అని కాలనీ అంతా చెవులు కొరుక్కుంది. హోమ్ థియేటర్ అట. వెలుగు పక్క గోడలకు తగిలి వెనక్కి రాకూడదయ్యా, అప్పుడే బొమ్మ నిలుస్తుంది, అని ఆయన పేతురును పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. భార్యతో కలిసి సినిమాలు చూద్దామని అంత ముచ్చటగా కట్టించుకుంటే, రంగు వాసన పోకముందే ఆమె పోయింది. ఇక సినిమాలేం చూస్తాడు… ఆమె ఉన్న పాత వీడియోలు పెట్టుకుని రోజూ రాత్రి కూర్చునేవాడు. ఒక రాత్రి కూర్చున్నవాడు లేవలేదు. మూడో రోజు తలుపు పగలగొట్టారు. అప్పటికీ ప్రొజెక్టర్ వెలుగుతూనే ఉంది. ఎదురుగా గోడ మీద ఆమె తులసికోటకు నీళ్ళు పోస్తూనే ఉంది.

ఇంటి తాళాలు ఆయన చెల్లెలు ఇందిరాదేవి దగ్గరున్నాయి. పగలు ఆ గదిలో బొమ్మ కనపడదు, చీకటి పడ్డాక రమ్మంది. పేతురు వచ్చేసరికి ఆమె గేటు బయటే నిలబడి ఉంది.

"నువ్వే వెళ్ళి చూసుకో బాబూ. నేను పైకి రాను. మిషను లోపలి బల్బు ఎన్నాళ్ళు వస్తుందో నాకు తెలీదు, ఇప్పుడే చెప్తున్నాను."

"ఎందుకు రారమ్మా?"

ఆమె తాళంచెవి అతని చేతిలో పెట్టి, చెంగు భుజం చుట్టూ లాక్కుంది.

"అన్నయ్యకి మధ్యలో ఎవరైనా వస్తే ఇష్టం ఉండదు."

ఉండదు, అంది. ఉండేది కాదు, అనలేదు. పేతురు అది గమనించాడు. గమనించి కూడా మెట్లెక్కాడు. విశ్వాసులకు దెయ్యాలేమిటని మట్టయ్యను ఎన్నోసార్లు వెక్కిరించినవాడు.

తలుపు తీస్తే మూసిపెట్టిన గది వాసన. ఫోన్ టార్చి వేశాడు. ఆ నలుపు అతను వేసిందే — టార్చి వెలుగును అట్లా అట్లా మింగేస్తోంది. గది మధ్యలో ఒక మెత్తటి కుర్చీ. దాని వెనక ఎత్తు స్టూలు మీద ప్రొజెక్టర్. కుర్చీ దిండు మీద గుంట ఇంకా అట్లాగే ఉంది.

స్విచ్చి నొక్కాడు.

ఫ్యాను గుర్రుమంది. తెల్లగోడ నిండా వెలుగు పరుచుకుంది… ఇది, ఇదీ వెలుగంటే. దిల్‌సుఖ్‌నగర్ డబ్బాలన్నీ కలిపినా దీని కాలిగోటికి సరిపోవు. పేతురు గుండె సంబరంతో కొట్టుకుంది.

అప్పుడు చూశాడు. గోడ మీద కింది అంచున, నడిమధ్యలో — ఒక నీడ. గుండ్రంగా తల. దాని కింద రెండు భుజాలు.

కుర్చీ నీడ అనుకున్నాడు. కుర్చీని పట్టుకుని మూలకు జరిపాడు. బరువుగా ఉంది, ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువ బరువుగా. తిరిగి గోడ వైపు చూశాడు.

నీడ అక్కడే ఉంది.

తలుపు దాకా పోయాడు. కానీ మెట్లు దిగి పోతే ఈ వెలుగు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది? వెనక్కొచ్చి చొక్కా కొసతో ప్రొజెక్టర్ అద్దం తుడిచాడు. పోలేదు. మూడు రోజులు ఆగకుండా వెలిగిన మిషను కదా, లోపల ఏదో కాలి మచ్చ పడి ఉంటుంది… మచ్చే. మచ్చ ఏ ఆకారంలోనైనా ఉండొచ్చు. అట్లా తనకు తానే చెప్పుకుంటూ వైర్లు పీకాడు. ఇందిరాదేవి బేరమాడలేదు. ఇచ్చింది పుచ్చుకుంది, తాళం కూడా వేయకుండా వెళ్ళిపోయింది.

రెబెక్కకు ఆ ఇంటి సంగతి చెప్పలేదు. మచ్చ సంగతీ చెప్పలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నానన్నాడు.

రెండు రోజులు పనికి పోకుండా ముందుగది గోడకు తెలుపు రెండు కోటింగులు వేశాడు. ఊళ్ళో అందరి గోడలకూ వేసినవాడు, సొంతింటి గోడకు వేసుకోవడం అదే మొదలు. కిటికీలకు దుప్పట్లు కట్టి చుట్టూ మేకులు కొట్టాడు, వీధి దీపం చుక్క కూడా లోపలికి రాకుండా. సామానంతా వంటగదిలోకి చేరవేశాడు. గోడకు ఎదురుగా మంచం, మంచం వెనక స్టూలు మీద ప్రొజెక్టర్. మంచానికీ గోడకూ మధ్య వట్టి నేల. పాట బాగా వినపడాలని చర్చి నుంచి స్పీకరు అడిగి తెచ్చాడు.

చీకటి పడ్డాక రెబెక్కను చెయ్యి పట్టుకుని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుంది. బిడ్డను చూడబోతున్నట్టే తయారైంది.

బొటనవేలు వచ్చింది, గోడంత. పోయింది. జోస్నా వచ్చింది.

అంత పెద్ద మొహం. పై పెదవి మీద చిన్నప్పుడు పడిన గీత కూడా కనిపిస్తోంది. గడ్డం కింద ఆ మచ్చ ఉండనే ఉంది, ఎవరో ముందు వరసలో కూర్చుని పిల్ల పాట వింటున్నట్టు. ఉంటే ఉండనీ, అనుకున్నాడు.

"కనబడ్తుందా?" గుసగుసగా అడిగాడు.

"కనబడ్తుందయ్యా… ఎంత సక్కగున్నదో."

వీడియో అయిపోయింది. ఇంకోసారి పెట్టుమంది. పేతురు ఫోన్ నొక్కాడు.

పాట మొదలైంది. అప్పుడే, చడీ చప్పుడూ లేకుండా, గోడ ఆరిపోయింది.

బల్బు పోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. స్పీకర్లోంచి పాట వస్తూనే ఉంది. గదిలో కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనిపించని చీకటి. పేతురు నోరు తెరిచాడు, బల్బు పోయిందని చెప్దామని —

"ఇగో… ఇప్పుడు చున్నీ సర్దుకుంటది సూడు," అంది రెబెక్క.

అతని నోరు అట్లాగే ఉండిపోయింది.

"సర్దుకుంది. నీ దిక్కే సూసి నవ్వుతుంది. ఎంత మంచిగ కనబడ్తుందయ్యా… గోడంత ఉన్నది నా బిడ్డ."

చీకట్లో పేతురుకు అంతా అర్థమైంది. ఆమెకు పాట తెలుసు. ఏ చరణం దగ్గర పిల్ల చున్నీ సర్దుకుంటుందో, ఎక్కడ నవ్వుతుందో, కళ్ళున్నప్పుడు వెయ్యిసార్లు చూసి గుండెలో పెట్టుకుంది. గోడ వెలిగిందో లేదో మాత్రం తెలీదు. వేసిన రంగు, కొట్టిన మేకులు, ఆ ఇంటి మెట్లు… అంతా బూడిదలో పోసినట్టయింది. తడుముకుంటూ వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. చప్పుడు రాకుండా ఏడ్చాడు. ఆమె చెప్తూనే ఉంది, అతను ఊఁ కొడుతూనే ఉన్నాడు.

పాట అయిపోయింది. కాసేపటికి ఫ్యాను కూడా ఆగింది.

"ఏమయ్యా… ఒక మాట జెప్త. కోపం జెయ్యకు."

"జెప్పు."

"నాకేం కనబడ్తలేదు. సాక్ష్యం జెప్పిననాడు కొంచెం ఉండె, నిజంగనే ఉండె. మర్నాటికి అదీ పోయింది. దేవుని ముంగట, అందరి ముంగట జెప్పిన మాట… ఎట్ల ఎన్కకు తీస్కుందు? నువ్వేమో గోడకు రంగేస్కుంట కూనిరాగం తీస్తుంటివి."

"తెలుసు."

"ఎప్పటి సంది?"

"ఇందాకటి సంది. బల్బు పోయింది రెబెక్క. రెండోసారి పాట మొదలైనప్పటి సంది ఇంట్ల చీకటే ఉన్నది."

అతని చేతిలో ఉన్న ఆమె వేళ్ళు నెమ్మదిగా చల్లబడ్డాయి. బయట ఎక్కడో కుక్క మొరిగి, మధ్యలోనే ఆపేసింది.

"చీకటా?" అంది రెబెక్క.

"ఆఁ."

"మరి… గోడ ముంగట కుర్చీల కూసున్నాయన ఎవరయ్యా? ఇందాకటి సంది నాకు గాయన తల ఒక్కటే ఆనుతుంది…"

ఆమె అతని చెవి దగ్గరికి వంగి, ముందున్నవాళ్ళకు వినపడకూడదన్నట్టు అంది —

"జర పక్కకు జరగమను. పిల్ల మొఖానికి అడ్డమొస్తున్నడు."